మాంటిచెల్లో తోట: థామస్ జెఫర్సను జీవితము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వర్జీనియా రాష్ట్రమున షార్లట్స్‌విల్ అను పట్టణము కలదు. దానికి సమీపమున ఒక చిన్న కొండ. కొండ శిఖరమున తెల్లని స్తంభములును గుమ్మటమును గల ఎర్రని ఇటుక మేడ. మేడకు పడమట విశాలమైన పచ్చిక బయలు, దాని అంచున వంకరలు తిరుగుచు పోవు పూలబాట. దక్షిణపు వాలున కొండను తొలిచి చదును చేసిన వేయి అడుగుల పొడవుగల కూరగాయల మడి. మడి నడుమ నొక చిన్న మండపము. ఆ మండపమున నిలిచి చూచినచో క్రింద పండ్లతోటయు, ద్రాక్షతోటయు, ఆవల కనుచూపు మేర పరచుకొన్న పల్లపు భూములును కానవచ్చును. ఈ చోటు పేరు మాంటిచెల్లో. ఇటాలియను భాషలో ఈ మాటకు చిన్న కొండ యని అర్థము. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను రచించినవాడును, ఆ దేశమునకు మూడవ అధ్యక్షుడును అయిన థామస్ జెఫర్సను స్వగృహమిది. 1938 లో ఈ మేడ బొమ్మ అమెరికావారి ఐదు సెంట్ల నాణెము మీది కెక్కినది. 1987 లో ఐక్యరాజ్య సమితికి చెందిన విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది.

ఏటేట వేలకు వేలు జనులు ఈ తోటను చూడవచ్చుచుందురు. పూలను చూచి మురియుదురు. విత్తనముల పొట్లములు కొనుక్కొని పోవుదురు. కాని పూవును చూచి మురిసిన కన్ను ఆ మడిని త్రవ్విన చేతిని కూడ వెదకినప్పుడే ఈ తోట కథ పూర్తిగా తెలియును. ఆ చేయి బానిస చేయి. మానవులందరును పుట్టుకచేత సమానులని లోకమునకు చాటిన కలమును, తన జీవితకాలమున ఆరువందలకు పైగా మానవులను ఆస్తిగా లెక్కలలో వ్రాసికొన్న కలమును ఒక్కటే. ఈ రెంటిని ఒకచో నిలిపి చూచుట సులభము కాదు. అయినను జెఫర్సను జీవితమును చదువగోరువారికి వేరుదారి లేదు.

బాల్యము, విద్య

జెఫర్సను 1743 ఏప్రిలు 13 వ తేదీన వర్జీనియాలోని షాడ్వెల్ అను ఎస్టేటులో జన్మించెను. తండ్రి పీటర్ జెఫర్సను పొగాకు పండించు భూస్వామి. భూములను కొలిచి పటములు గీయుటలో దిట్ట. తల్లి జేన్ రాండాల్ఫ్ ఆ ప్రాంతమున పేరెన్నికగన్న వంశమునకు చెందినది. జెఫర్సనుకు జ్ఞాపకమున్న మొట్టమొదటి సంఘటన యని ఆ కుటుంబమువారు ఒక ముచ్చట చెప్పుకొనెడివారు. పసితనమున ఆ కుటుంబము వేరొక ఎస్టేటునకు తరలిపోవుచుండగా, గుఱ్ఱము నెక్కిన ఒక బానిస ఆ బిడ్డను దిండు మీద పరుండబెట్టి మోసికొని పోయెనట. ఊహ తెలిసిన నాటినుండియు ఆయన బ్రదుకు బానిసల చేతుల మీదనే నడచినదనుటకు ఈ ముచ్చటయే నిదర్శనము.

1757 లో, థామసునకు పదునాలుగవ యేట, తండ్రి మరణించెను. యుక్తవయస్సు వచ్చునప్పటికి సుమారు 5,000 ఎకరముల భూమియు, దానిని సేద్యము చేయు బానిసలును ఆయనకు వారసత్వముగా వచ్చెను. 1760 లో విలియమ్స్‌బర్గ్ నగరమునందలి విలియం అండ్ మేరీ కళాశాలలో చేరి, విలియం స్మాల్ అను ఆచార్యుని వద్ద గణితమును, ప్రకృతి శాస్త్రములను, తత్త్వమును అభ్యసించెను. పిమ్మట జార్జి విత్ అను న్యాయవాదికి శిష్యుడై న్యాయశాస్త్రమును నేర్చెను. ఈ విత్ తరువాతి కాలమున తన బానిసలకు విముక్తి నొసంగినవాడు. గురువు మార్గము శిష్యుని ముందు తెరచియే యుండెనన్నమాట.

న్యాయవాదిగా జెఫర్సను తొలి అడుగులు ఆశాజనకములుగనే యుండెను. 1770 లో సామ్యూల్ హోవెల్ అను నొక మిశ్రమజాతి యువకుని దాస్యమునుండి విడిపింపవలెనని ఆయన ప్రతిఫలము తీసికొనకయే వాదించెను. ప్రకృతి ధర్మమునుబట్టి ప్రతి మనుష్యుడును స్వతంత్రుడుగా పుట్టుచున్నాడని ఆయన న్యాయస్థానమున పలికెను. ఎదుటి న్యాయవాది నోరు విప్పకముందే న్యాయాధిపతులు ఆ వ్యాజ్యమును కొట్టివేసిరి.

రెండు పుస్తకములు

తండ్రి యిచ్చిన భూమిలోని చిన్న కొండ మీద ఇల్లు కట్టవలెనని జెఫర్సను చిన్ననాడే కలలు కనెను. 1768 లో కొండ శిఖరమును చదును చేయించుటకు ఆరంభించెను. 1772 జనవరి 1 వ తేదీన మార్తా వేల్స్ స్కెల్టన్ అను యువతిని వివాహమాడెను. మరుసటి సంవత్సరమే ఆమె తండ్రి జాన్ వేల్స్ మరణింపగా, 11,000 ఎకరముల భూమియు, 135 మంది బానిసలును, వానితోబాటు కొండంత అప్పును జెఫర్సను దంపతులకు సంక్రమించెను. అట్లు వచ్చినవారిలో ఎలిజబెత్ హెమింగ్స్ అను స్త్రీయు ఆమె బిడ్డలును కలరు. ఆ బిడ్డలలో ఆరుగురు జాన్ వేల్స్‌కే పుట్టినవారని ఆ వంశమువారు చెప్పుదురు. అనగా ఇంటి యజమానురాలికి వారు సవతి తోబుట్టువులు, అయినను బానిసలే.

జెఫర్సనుకు లెక్కలు వ్రాయుటయందు అపారమైన మక్కువ. 1766 మార్చి 30 వ తేదీన ఊదారంగు హయసింతు పూవు విరిసినదని ఒక పుస్తకమున వ్రాసికొనెను. నాటినుండి 1824 వరకు, అనగా ఏబదియెనిమిది సంవత్సరములు, ఆ తోట పుస్తకమును విడువలేదు. ఏ విత్తు ఏనాడు నాటినది, ఏనాడు మొలచినది, ఏనాడు పూచినది, ఏనాడు భోజనపు బల్లకు వచ్చినది, ఏది చచ్చినది—అన్నియు అందు కలవు. ఓడిన పైరును దాచక వ్రాయుట ఆయన సద్గుణము.

1774 లో ఆయన మరియొక పుస్తకమును ప్రారంభించెను. అది వ్యవసాయ పుస్తకము. అందు బానిసల పేర్లు, పుట్టిన సంవత్సరములు, ఎవరి బిడ్డ యెవరో, ఏ పొలమున ఎవరు పనిచేయుచున్నారో, ఎవరికెంత మొక్కజొన్నపిండి, ఎన్ని చేపలు, ఎన్ని గజముల గుడ్డ యిచ్చినదో వరుసగా వ్రాయబడియున్నవి. ఒక్కొక్కరికి కంబళి మూడేండ్ల కొకసారి. మొదటి పుస్తకమును చదివినవారికి శాస్త్రజ్ఞుడు కనబడును. రెండవ పుస్తకమును చదివినవారికి యజమాని కనబడును. రెంటిలోను దస్తూరి ఒక్కటే.

ప్రకటన

1776 లో ఫిలడెల్ఫియా నగరమున సమావేశమైన కాంటినెంటల్ కాంగ్రెసు ముప్పదిమూడేండ్ల జెఫర్సనుకు స్వాతంత్ర్య ప్రకటన వ్రాయు భారము నప్పగించెను. ప్రజలను జన్మహక్కులు గలవారినిగాను, ప్రభుత్వమును వారి సమ్మతిచే నిలుచునదిగాను ఆ ప్రకటన నిరూపించెను. నాటినుండి నేటివరకు అనేక దేశములందు దాస్యవిమోచనమును కోరినవారందరును ఆ వాక్యముల నాశ్రయించుచునే యున్నారు. చిత్తుప్రతిలో ఆయన బానిసల వర్తకమును ఘోరపాపముగా నిందించుచు ఒక భాగము వ్రాసియుండెను. ఆ పాపమునంతయు ఇంగ్లండు రాజు నెత్తిమీద రుద్దెను. దక్షిణపు రాష్ట్రముల ప్రతినిధులు అంగీకరింపనందున కాంగ్రెసు ఆ భాగమును తొలగించెను.

1784 లో ఆయన మరియొక ప్రయత్నము చేసెను. పడమటి దిక్కున క్రొత్తగా ఏర్పడు రాష్ట్రములలో 1800 తరువాత దాస్యము ఉండరాదని ఆయన ప్రతిపాదించెను. ఒక్క వోటు తక్కువై అది వీగిపోయెను. ఆ ఒక్క వోటు లభించియున్నచో అమెరికా చరిత్ర వేరొక దారి పట్టెడిదేమో!

ఆ కాలముననే వ్రాసిన వర్జీనియా వర్ణన గ్రంథమున దాస్యము యజమానిని క్రూరునిగా, బానిసను దీనునిగా చేయునని ఆయన ఖండించెను. దైవన్యాయము ఒకనాడు మేల్కొనునేమో యని భయపడెను. అదే గ్రంథమున నల్లవారు బుద్ధిబలమున తెల్లవారికి తీసికట్టు కావచ్చుననియు, విముక్తి పొందినను ఇరుజాతులును ఒకచోట కలిసి బ్రదుకజాలవనియు వ్రాసెను. 1791 లో బెంజమిన్ బానెకర్ అను నల్లజాతి గణితజ్ఞుడు తాను లెక్కగట్టిన పంచాంగమును ఆయనకు పంపి, ప్రకటనలోని మాటలను గుర్తుచేసి, వానిని ఆచరణలో చూపవలసినదని నిర్భయముగా అర్థించెను. జెఫర్సను మర్యాదగా బదులు వ్రాసి, ఆ పంచాంగమును పారిస్ నగరమునందలి పండితులకు పంపెను. కాని కొన్నియేండ్ల తరువాత ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో బానెకర్ ప్రతిభను చులకన చేసెను.

పారిస్ నగరమున

1782 లో భార్య మార్తా మరణించెను. జెఫర్సను కొన్ని వారములు గదిని విడిచి బయటికి రాలేదని ఆయన కుమార్తె వ్రాసినది. 1784 లో రాయబారిగా ఫ్రాన్సు దేశమునకు వెడలెను. తనవెంట ఎలిజబెత్ హెమింగ్స్ కుమారుడైన జేమ్స్‌ను ఫ్రెంచి వంటలు నేర్పించుటకై తీసికొనిపోయెను.

ఐరోపాలో ఆయన మనస్సును దోచినవి తోటలు. 1786 లో జాన్ ఆడమ్సుతో కలిసి ఇంగ్లండులోని ఉద్యానములను చూచెను. పచ్చిక బయలు, చెట్ల గుంపులు, వంకర బాటలు గల ఆ పద్ధతియే తరువాత మాంటిచెల్లోకు వచ్చినది. 1787 లో ఇటలీకి పోయి, అక్కడి వరిని దేశము దాటించుట మరణదండనకు పాత్రమైన నేరమైనను, కోటుజేబులలో ధాన్యమును నింపుకొని వచ్చెను. దేశమునకు ఉపయోగపడు ఒక మొక్కను చేర్చుటకంటె గొప్ప సేవ లేదని ఆయన నమ్మకము.

ఆ 1787 లోనే ఆయన చిన్న కుమార్తెకు తోడుగా జేమ్స్ చెల్లెలు శాలీ హెమింగ్స్ పారిసుకు వచ్చెను. ఆమె వయస్సు అప్పటికి పదునాలుగేండ్లు. ఫ్రాన్సు గడ్డమీద బానిసలు న్యాయస్థానము నాశ్రయించి స్వేచ్ఛను పొందవచ్చును. తిరిగి రానని శాలీ మొరాయింపగా, పుట్టబోవు బిడ్డలకు ఇరువదియొకటవ యేట విముక్తి నిత్తునని జెఫర్సను మాట యిచ్చెననియు, ఆ మాటను నమ్మి ఆమె 1789 లో తిరిగివచ్చెననియు ఆమె కుమారుడు మాడిసన్ 1873 లో ఒహాయో రాష్ట్రమునందలి పత్రికలో తెలిపెను. స్వేచ్ఛ ఇంటి వాకిట నిలిచియుండగా, కడుపున పుట్టబోవు బిడ్డలకొరకు దానిని వదలుకొన్న ఆ పదునారేండ్ల బాలిక స్థితిని తలచుకొన్నచో హృదయము ద్రవించును.

జేమ్సుకు తన తమ్ముడు పీటరునకు వంట నేర్పిన పిమ్మట, 1796 లో విముక్తి లభించెను. జెఫర్సను తన జీవితకాలమున చట్టప్రకారము విడుదల చేసినవారు ఇద్దరే: జేమ్స్, అతని యన్న రాబర్ట్. స్వతంత్రుడైన జేమ్స్ 1801 లో బాల్టిమోర్ నగరమున ఆత్మహత్య చేసికొనెను.

మల్బరీ వరుస

ఫ్రాన్సునుండి తిరిగివచ్చిన జెఫర్సను వాషింగ్టన్ ప్రభుత్వమున విదేశాంగ కార్యదర్శిగా పనిచేసి, 1793 చివర పదవిని వదలి కొండకు చేరెను. 1784 మొదలు 1794 వరకు గల పదేండ్లలో 160 మందికి పైగా బానిసలు అమ్మకముచేతనో దానముచేతనో ఆయన చేయి దాటిపోయిరి. అప్పులు తీర్చుటకు ఆయనకు దొరకిన మార్గమది.

తోటకును మేడకును నడుమ మల్బరీ చెట్లు నాటిన ఒక బాట కలదు. ఆ బాట ప్రక్కన వడ్రంగి కొట్టము, కమ్మరి కొలిమి, పాడి యిల్లు, బానిసల గుడిసెలు ఉండెడివి. 1794 లో అక్కడ మేకుల కార్ఖానాను నెలకొల్పెను. పదినుండి పదునారేండ్ల వయస్సుగల బాలురు పొగయు సెగయు నిండిన కొలుముల కడ దినమంతయు మేకులు కొట్టెడివారు. ఏ బాలుడెంత ఇనుము తీసికొనెను, ఎన్ని మేకులు చేసెను, ఎంత తరుగు పోయెను అనునది ప్రభువే స్వయముగా తూచి లెక్క వ్రాసెడివాడు. ఆ కొలిమినుండి పారిపోయిన జేమ్ హబ్బర్డు అను వానిని 1812 లో పట్టితెచ్చి, తోడి పనివారు చూచుచుండగా కఠినముగా కొరడాతో కొట్టించెను. జెఫర్సను మెత్తని ప్రభువని పేరొందినవాడే. అయినను దాస్యము కొరడా లేక నిలువదు.

ఆ మేకుల కొలిమిలో పెరిగిన బాలురలో వర్మ్‌లీ హ్యూస్ ఒకడు. 1781 లో పుట్టిన ఈతడు రాబర్ట్ బెయిలీ అను స్కాట్లండు తోటమాలివద్ద పని నేర్చి, తరువాత మాంటిచెల్లోకు ప్రధాన తోటమాలి యయ్యెను. పూలమళ్లు త్రవ్వినవాడును, గడ్డలు నాటినవాడును, చెట్లను కంటికి రెప్పవలె కాచినవాడును ఈతడే.

అధ్యక్ష పదవి, తోట పని

1801 నుండి 1809 వరకు జెఫర్సను దేశాధ్యక్షుడుగా నుండెను. 1803 లో ఫ్రాన్సునుండి లూసియానా భూభాగమును కొని దేశ వైశాల్యమును ఇంచుమించు రెట్టింపు చేసెను. విదేశములనుండి బానిసలను దిగుమతి చేయుటను నిషేధించు చట్టముపై 1807 మార్చి 2 వ తేదీన సంతకము చేసెను. అది 1808 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. ఇది మెచ్చదగిన పని. కాని దేశములోపల తల్లిని ఒకరికి, బిడ్డను మరియొకరికి అమ్ముకొను వర్తకమును ఆ చట్టము ముట్టలేదు.

రాజధానిలో నున్నను ఆయన మనస్సు కొండమీదనే. 1807 లో పూలబాటకును, మేడచుట్టును వేయవలసిన అండాకారపు పూలమళ్లకును పటములు గీసెను. కూరగాయల మడికొరకు దక్షిణపు వాలును త్రవ్వించు పని 1806 లో మొదలై మూడేండ్లు సాగెను. ఎర్రమట్టిని తవ్వి, బండ్లమీద తోలి, పెద్ద రాతిగోడను పేర్చి, వేయి అడుగుల పొడవు, ఎనుబది అడుగుల వెడల్పుగల మెట్టను సిద్ధపరచినవారు బానిసలు.

పదవీ విరమణానంతరము ఆ మడి ఆయనకు ప్రయోగశాల యయ్యెను. 330 రకముల కూరగాయలను, మూలికలను, 170 రకముల పండ్లను ఆయన పండించి చూచెను. బఠాణీలనిన ఆయనకు మిక్కిలి ప్రీతి. వసంతమున ఎవరి తోటలో బఠాణీలు ముందు కాచునో వారు ఇరుగుపొరుగువారికి విందు చేయవలెనని మిత్రులలో పందెము. బెండ, వంగ, నువ్వు మున్నగునవియు ఆ తోటలో పెరిగెను. నువ్వులు మన దేశమున వేలయేండ్లుగా పండుచున్న పైరు; తెలుగువారి వంటింటికి దాని పరిచయము చెప్పనక్కరలేదు. అమెరికాకు ఆ విత్తనమును మోసికొనిపోయినవారు ఆఫ్రికా బానిసలు. 1808 ప్రాంతమున నువ్వులనూనె రుచి చూచిన జెఫర్సను దానిని మెచ్చి, తన పొలమున పండించి నూనె తీయించుటకు పూనుకొనెను. సంకెళ్లతో వచ్చినవారు సంపదను వెంటతెచ్చిరనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

మరియొక విశేషము. ప్రభువు తోట ఇంత గొప్పదైనను, ఆ మేడలో తిను కూరలలో కొంతభాగము బానిసల పెరళ్లనుండియే వచ్చెడిది. పొద్దు క్రుంకిన తరువాతను, ఆదివారములందును, తమ గుడిసెల ప్రక్కనున్న జానెడు నేలలో వారు దోస, కోసు, బంగాళాదుంప పెంచి, కోడిగ్రుడ్లతోకూడ మేడకు అమ్మెడివారు. 1805 నుండి 1808 వరకు జెఫర్సను మనుమరాలు యాన్ కేరీ రాండాల్ఫ్ వ్రాసిన లెక్కలలో ఆ కొనుగోళ్లు బానిసల పేర్లతో సహా కానవచ్చును. తమ దేహమే తమది కానివారు, తమదని చెప్పుకొనుటకు ఆ నాలుగు పాదులను పెంచుకొనిరి.

జారిపోయిన అవకాశములు

కాలము అట్టిదనియు, జెఫర్సను కాలమునకు లోబడినవాడనియు కొందరందురు. ఈ వాదమును పరీక్షింపవలెను. 1782 నుండి వర్జీనియాలో యజమాని తన యిష్టప్రకారము బానిసలను విడుదల చేయుటకు చట్టము అవకాశ మిచ్చెను. 1791 లో అదే రాష్ట్రమునకు చెందిన రాబర్ట్ కార్టర్ అను భూస్వామి 450 మందికి పైగా బానిసలకు విముక్తి పత్రము వ్రాసెను. 1799 లో మరణించిన జార్జి వాషింగ్టన్ తన సొంత బానిసలను విడుదల చేయవలసినదిగా వీలునామా వ్రాసెను.

1814 లో ఎడ్వర్డ్ కోల్స్ అను యువకుడు జెఫర్సనుకు లేఖ వ్రాసి, దాస్య నిర్మూలనోద్యమమునకు నాయకత్వము వహింపవలసినదని వేడుకొనెను. తాను ముసలివాడనైతిననియు, ఆ పని యువతరముదనియు జెఫర్సను బదులు వ్రాసెను. బానిసలను విడువక వర్జీనియాలోనే యుండుమని హితవు చెప్పెను. కోల్స్ ఆ హితవును పాటింపలేదు. 1819 లో తన బానిసలను వెంటబెట్టుకొని ఇల్లినాయికి పోవుచు, ఒహాయో నదిమీద పడవలోనే వారికి విముక్తిని ప్రకటించి, ఆ పిమ్మట కుటుంబమునకు 160 ఎకరముల వంతున భూమి నిచ్చెను. 1822 లో ఆ రాష్ట్రమునకు గవర్నరుగా ఎన్నికై, దాస్యమును అచ్చటికి రానీయక అడ్డుపడెను.

పోలండు వీరుడు కొషియుష్కో 1798 లో తన అమెరికా ధనమునంతయు బానిసల విముక్తికిని విద్యకును వినియోగింపుమని వీలునామా వ్రాసి, ఆ భారమును మిత్రుడైన జెఫర్సను చేతిలో పెట్టెను. ఆ ధనముతో జెఫర్సను తన బానిసలనే విడిపింపవచ్చుననియు అందు కలదు. 1817 లో కొషియుష్కో మరణింపగా, వార్ధక్యమును కారణముగా చెప్పి జెఫర్సను ఆ బాధ్యతను స్వీకరింపలేదు. వ్యాజ్యములు దీర్ఘకాలము సాగి, ఆ ధనముతో ఒక్క బానిసయైనను విడుదల కాలేదు.

ఆయనకు అప్పులుండెను, నిజమే. 1806 నాటి చట్టము విముక్తులైనవారు ఏడాదిలోగా రాష్ట్రము విడువవలెనని నిర్బంధించెను, అదియు నిజమే. కాని పుస్తకములు, ద్రాక్షాసవములు, ఇంటికి నిరంతరము చేయు మార్పులు వానియందు వ్యయము తగ్గలేదు. చెడుగును చెడుగని యెరిగియు, దానివలన కలుగు సుఖమును వదలుకొనలేకపోవుట మానవులకు సహజమైన దౌర్బల్యము. ఆ దౌర్బల్యము మహామేధావియందు కానవచ్చినపుడు దాని మూల్యమును వందలమంది చెల్లింపవలసివచ్చినది.

మరణము, వేలము

జీవిత సంధ్యలో జెఫర్సను చేసిన గొప్ప కార్యము వర్జీనియా విశ్వవిద్యాలయ స్థాపనము. 1819 లో స్థాపింపబడి, 1825 లో తరగతులు ప్రారంభమైన ఆ విద్యాలయమునకు పటములు గీచినవాడును, పాఠ్యక్రమమును నిర్ణయించినవాడును ఆయనయే. ఆ ఇటుకలు కాల్చినవారిలోను, గోడలు లేపినవారిలోను బానిసలు కలరు.

1826 జులై 4 వ తేదీన, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగా ఏబది సంవత్సరములు నిండిన దినమున, జెఫర్సను కన్నుమూసెను. మిత్రుడు జాన్ ఆడమ్సు కూడ అదే దినమున మరణించెను. కొండమీది కుటుంబ శ్మశానమున జెఫర్సనుకు గోతిని త్రవ్వినవాడు తోటమాలి వర్మ్‌లీ హ్యూస్. సమాధి శిలపై తాను చెక్కింపగోరిన విషయములు మూడే: స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మత స్వాతంత్ర్య శాసనము, విశ్వవిద్యాలయ స్థాపనము. అధ్యక్ష పదవి ప్రసక్తి లేదు.

వీలునామాలో ఐదుగురికి విముక్తి లభించెను: సేవకుడు బర్వెల్ కోల్బర్ట్, కమ్మరి జోసెఫ్ ఫాసెట్, వడ్రంగి జాన్ హెమింగ్స్, శాలీ కుమారులు మాడిసన్, ఈస్టన్. శాలీ పెద్దబిడ్డలైన బెవర్లీ, హారియెట్ అంతకుముందే 1822 లో కొండ విడిచిపోగా ఎవరును వెదుకలేదు. శాలీని జెఫర్సను కుమార్తె లాంఛనము లేకయే వదలివేసెను. వర్మ్‌లీకిని అట్లే స్వేచ్ఛ లభించెను.

తక్కినవారి గతి వేరు. అప్పు లక్షడాలర్లను మించియుండెను. 1827 జనవరి నెలలో, గడ్డకట్టు చలిలో, ఆ మేడ యెదుటనే వేలము జరిగెను. పశువులు, నాగళ్లు, మంచములతో పాటు సుమారు 130 మంది మనుష్యులను వేలమునకు పెట్టిరి. ప్రభువునకు గోయి త్రవ్విన వర్మ్‌లీ తన భార్య ఉర్సులాయు, బిడ్డలును వేలపు బల్ల నెక్కుట చూచెను. జోసెఫ్ ఫాసెట్ భార్య ఈడిత్, అధ్యక్ష భవనమున ఫ్రెంచి వంట నేర్చి మాంటిచెల్లో వంటశాలను నడిపిన స్త్రీ, బిడ్డలతో సహా అమ్ముడుపోయెను. జోసెఫునకు వీలునామా ప్రకారము విడుదల కావలసిన దినమునకు ఇంకను కొన్ని నెలలు కలవు.

జోసెఫ్ అధైర్యపడలేదు. స్వతంత్రుడైన పిమ్మట కొలిమిలో చెమటోడ్చి, బంధువుల తోడ్పాటుతో భార్యను, బిడ్డలలో కొందరిని చేజిక్కించుకొని, 1837 లో వారికి విముక్తి పత్రమును వ్రాసెను. కుమారుడు పీటర్ మాత్రము చిక్కలేదు. వేలమునాటికి వాని వయస్సు పదునొకండు. క్రొత్త యజమాని కనుగప్పి చదువు నేర్చెను, తోడివారికి నేర్పెను, రెండుమారులు పారిపోయి పట్టుబడెను. కడకు హితుల సాయమున విముక్తుడై సిన్సినాటి నగరమున తలిదండ్రులను చేరుకొనెను. అక్కడ విందుభోజనములు సమకూర్చు వృత్తిచే పేరుపొంది, క్రైస్తవ బోధకుడై, పారిపోయి వచ్చు బానిసలకు ఆశ్రయ మిచ్చెను. 1900 సంవత్సరమున వృద్ధుడైన పీటర్ ఫాసెట్ మాంటిచెల్లోను మరల దర్శించెను. ఏ ద్వారమున బానిసబాలుడై తిరిగెనో ఆ ద్వారమున అతిథియై ప్రవేశించెను.

తోట మరల మాటాడుట

జెఫర్సను వంశమువారి చేయి దాటిన మేడ 1834 లో యురయా లెవీ అను నౌకాదళాధికారి పాలయ్యెను. 1923 లో జెఫర్సను స్మారక సంస్థ దానిని కొనెను. 1939 మొదలు 1941 వరకు పూలతోటను, 1979 తరువాత కూరగాయల మడిని పూర్వరూపమున పునరుద్ధరించిరి. అందుకు ఆధారము జెఫర్సను తోట పుస్తకమే. మొదటి పుస్తకమును ఇట్లు తెరచిన లోకము రెండవ పుస్తకమును తెరచుటకు చాలకాలము తీసికొనెను. బానిసలను సేవకులని మెత్తని మాటతో పేర్కొని ముగించుట చిరకాలము వాడుకగా నుండెను.

1993 లో బానిసల సంతతివారి నోట వారి వంశకథలను సేకరించు పని ఆరంభమైనది. 1998 లో రక్త పరీక్షలద్వారా ఈస్టన్ హెమింగ్స్ సంతతికిని, జెఫర్సను వంశపు పురుషులకును సంబంధము కలదని తేలినది. 2000 లో స్మారక సంస్థ ఇతర సాక్ష్యములనుకూడ పరిశీలించి, శాలీ బిడ్డలకు జెఫర్సనే తండ్రియగుట మిక్కిలి సంభావ్యమని ప్రకటించినది. 1873 లో మాడిసన్ చెప్పిన మాటను నమ్ముటకు నూట ఇరువది సంవత్సరములకు పైగా పట్టినది! మల్బరీ వరుసలో గుడిసెలు మరల లేచినవి. 2018 లో శాలీ హెమింగ్స్ జీవితమును తెలుపు ప్రదర్శనశాల తెరువబడినది. కొండ దిగువన పేర్లు చెక్కని నలుబదికి పైగా బానిస సమాధులను గుర్తించి, ఆ నేలకు గౌరవము కల్పించిరి. లూసియానా రాష్ట్రమున 2014 లో తెరచిన విట్నీ ఎస్టేటు యజమానుల వైభవమును ప్రక్కకు నెట్టి, బానిసల కథనే సందర్శకులకు చెప్పుచున్నది.

ఇట్లు చెప్పుట జెఫర్సనును దూషించుట యని కొందరు నొచ్చుకొందురు. కాని ఆయన తోట పుస్తకమున ఎండిపోయిన పైరును దాచక వ్రాసెను. ఆ నియమమును ఆయన జీవితమునకు అన్వయించుట ఆయనకు అపచారము కానేరదు. సమానత్వమును చాటిన ఆ వాక్యములు ఆయన చేతులకంటె గొప్పవి. ఆయన విడిపింపని బానిసల సంతతివారే ఆ వాక్యములను పట్టుకొని తమ హక్కులను సాధించుకొనిరి. పాఠశాలలో స్వాతంత్ర్య ప్రకటనను బోధించు ఉపాధ్యాయుడు ఆ ప్రక్కనే వర్మ్‌లీ హ్యూస్ పేరును కూడ పలుకవలెను. ఆ చదువు విన్న విద్యార్థి గొప్పవారి మాటలను గౌరవించుటతోబాటు ఆ మాటలను ఆచరణతో సరిపోల్చుటయు నేర్చును.

వసంతమున మాంటిచెల్లోలో బఠాణీలు ఇప్పటికిని పూచును. రాతిగోడ నిలిచియే యున్నది. గోడను పేర్చినవారిలో అనేకుల పేర్లు నేడు తెలియవు. వారు చదును చేసిన నేల మాత్రము ఇంకను పంట నిచ్చుచున్నది.